ఆటలో అరటిపండు

చిన్నప్పుడు మా వాడకట్టులో చిర్రగోనె ఆడేటప్పుడు ఒక లెక్క ఉండేది. నాలుగైదేళ్ల పిల్లగాడొకడు ఆడతానని వెంటబడతాడు. పొమ్మంటే ఏడుస్తాడు, ఇంటికి పోయి చెప్తాడు. అందుకని వాణ్ణి కలుపుకునేవాళ్లం. వాడు ఎన్నిసార్లయినా కొట్టొచ్చు. దొరికినా అవుట్ కాదు, కొట్టినా లెక్కలోకి రాదు. వాడి చేతిలో గోనె ఉంటుంది, ముఖంలో సంబరం ఉంటుంది, ఆట మాత్రం వాడి చుట్టూ తిరిగి పోతుంటుంది. వాణ్ణి ‘ఆటలో అరటిపండు’ అనేవాళ్లం. కోస్తా వైపు ఈ ఆటనే బిళ్లంగోడు అంటారు గానీ, అరటిపండు మాత్రం తెలుగునాట అందరికీ ఒక్కటే.

అమెరికాలో, జపాన్‌లో ముసలివాళ్లు నడుపుకునే బేస్‌బాల్ లీగుల సంగతి చదువుతుంటే ఈ అరటిపండు మళ్లీ గుర్తుకొచ్చింది. అరవై, డెబ్బై దాటినవాళ్లు బ్యాటు పట్టుకుని మైదానంలోకి దిగుతున్నారంటే మనకు ముందు వచ్చేది నవ్వు, ఆ తర్వాత ముచ్చట. పాపం, ఈ వయసులో కూడా, అంటాం. సరిగ్గా అదే చూపు నాలుగేళ్ల పిల్లగాడి మీద కూడా ఉంటుంది. ఆ చూపును తప్పించుకోవడానికి ఆ లీగులవాళ్లు పడ్డ పాట్లలో ఒక చరిత్ర ఉంది. దాన్ని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందన్నదే ఈ వ్యాసం.

ఆటలను చరిత్రలో భాగంగా చూడటం మనకు నేర్పినవాడు ఈ నడిగడ్డ మనిషే. సురవరం ప్రతాపరెడ్డి 1896లో గద్వాల ప్రాంతంలో పుట్టాడు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యాడు. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ పండగలు చేశారు, ఏ ఆటలు ఆడారు అని అడిగింది. కావ్యాల్లో, శతకాల్లో చెదురుమదురుగా పడివున్న ఆటల పేర్లను ఏరి చరిత్రకు సాక్ష్యాలుగా నిలబెట్టాడు ఆయన. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం, ఆయన పోయిన తర్వాత 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది.

ఆయన అడిగిన ప్రశ్నకు ఇంకొక ప్రశ్న తగిలిద్దాం. ఎవరు, ఏ వయసుదాకా ఆడారు? మన ఊళ్లలో ఆటలకు వయసును బట్టి మెట్లుండేవి. చిర్రగోనె, గోలీలు, కోతికొమ్మచ్చి పిల్లలవి. తాలింఖానాలో కుస్తీ, కర్రసాము వయసు పోరగాళ్లవి. పెళ్లయి, పిల్లలు పుట్టి, నాగలి చేతికొచ్చాక మగవాడు పరుగెత్తే ఆటల నుంచి తప్పుకుంటాడు. ఆ తర్వాత మిగిలేవి కూర్చుని ఆడే ఆటలే. రచ్చకట్ట మీద పులిజూదం, చావడిలో పచ్చీసు, ఎక్కడైనా పేకాట. గుడి మండపాల బండల మీద చెక్కిన పులిజూదం గీతలు ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తాయి. మనిషి వయసు పెరిగేకొద్దీ ఆట కాళ్ల నుంచి చేతి వేళ్లలోకి చేరుకునేది.

దీనికి పెద్ద మినహాయింపు ఒక్కటుంది, అది ఆడవాళ్లది. బతుకమ్మను మనం ‘ఆడతాం’ అనే అంటాం. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. అంటే ముందే ఖాయమైన షెడ్యూలు. అందులో పదేళ్ల పిల్లా, డెబ్బై ఏళ్ల అవ్వా ఒకే చుట్టులో తిరుగుతారు. అవ్వ అడుగు నెమ్మదిగా పడితే చుట్టంతా నెమ్మదిస్తుంది. పాట ఎత్తుకునేది తరచూ ఆమే. ఆమె అక్కడ అరటిపండు కాదు. ఈ సంగతిని గుర్తుపెట్టుకుని బేస్‌బాల్ దగ్గరికి వెళదాం.

మనకు తెలిసిన రూపంలో బేస్‌బాల్ పెద్దవాళ్ల ఆటగానే మొదలైంది. అంతకుముందు ఇంగ్లండులో, అమెరికాలో పిల్లలు రకరకాల పేర్లతో ఆడుకున్న బంతీకర్రా ఆటలను 1845లో న్యూయార్కులోని నికర్‌బాకర్ క్లబ్బు ఒక కాగితం మీద పెట్టింది. ఆ క్లబ్బులో ఉన్నది గుమాస్తాలు, వ్యాపారులు, వైద్యుల వంటి పట్నపు మధ్యతరగతి మగవాళ్లు. పగలంతా పనిచేసుకుని, సాయంత్రం నదిదాటి హోబోకెన్ మైదానానికి వెళ్లి ఆడుకునేవాళ్లు. చందాలు కట్టుకునేవాళ్లు, ఆటలో బూతులు మాట్లాడినవాడికి జరిమానా వేసుకునేవాళ్లు.

పెద్దమనుషులు పిల్లలాట ఆడుతున్నారన్న బెరుకు వాళ్లను వదల్లేదు. ఒక నియమం చుట్టూ నడిచిన వాదంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మొదట్లో బంతి ఒక్క టప్పా పడ్డాక పట్టుకున్నా బ్యాటరు అవుటే. మన గల్లీ క్రికెట్‌లో పిల్లలు పెట్టుకునే లెక్కే ఇది. అది పిల్లచేష్ట అనీ, మగవాళ్ల ఆటంటే బంతిని గాలిలోనే పట్టాలనీ ఏళ్ల తరబడి వాదించుకుని చివరికి 1864లో ఆ వెసులుబాటు తీసేశారు. ఆ తర్వాత అయిదేళ్లకు, 1869లో, సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టు అందరికీ బాహాటంగా జీతాలిచ్చి దేశమంతా తిరిగి ఆడింది. దాన్ని నడిపిన హ్యారీ రైట్ ఇంగ్లండులో పుట్టినవాడు, అంతకుముందు న్యూయార్కులో క్రికెట్ ఆడి జీతం తీసుకున్నవాడు. 1876లో నేషనల్ లీగ్ ఏర్పడింది. ముందే వేసుకున్న షెడ్యూలు, అందరికీ ఒకే నియమావళి, మ్యాచికి రాని జట్టుపై వేటు. ‘లీగ్’ అన్న మాటకు ఆటల్లో ఇవ్వాళ మనమిచ్చుకునే అర్థం చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే.

ఈ ముప్పై ఏళ్లలో ఆట పదునెక్కింది, బలిసింది. ఏ గుమాస్తాలైతే మొదలుపెట్టారో వాళ్లు టికెట్టు కొనుక్కుని చూసేవాళ్లయ్యారు. ముప్పై అయిదు దాటిన ఆటగాడు వృద్ధుడి కింద లెక్క. బెర్నార్డ్ మలముడ్ 1952లో రాసిన ‘ద నేచురల్’ నవలలో రాయ్ హాబ్స్ ముప్పై నాలుగేళ్లకు పెద్ద లీగులో అడుగుపెడితే, ఆ వయసులో కొత్త ఆటగాడేమిటని అందరూ వింతగా చూస్తారు. ఈ పేరు మనకు మళ్లీ తగులుతుంది.

పెద్దవాళ్లు తిరిగి మైదానంలోకి రావడానికి దారి వేసింది సాఫ్ట్‌బాల్. 1887లో షికాగోలో ఒక బోట్ క్లబ్బు లోపల, చలికాలపు పొద్దుపోక, బాక్సింగ్ గ్లౌజును కట్టగట్టి బంతిగా, చీపురుకట్టెను బ్యాటుగా చేసుకుని ఆడిన ఆట అది. బంతి పెద్దది, మైదానం చిన్నది, బంతి విసిరేది చెయ్యి కిందినుంచి. భుజాలు అరిగిన మనిషి కూడా ఆడగలడు. 1930లో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, 75 ఏళ్లు నిండినవాళ్ల కోసం ఒక సాఫ్ట్‌బాల్ క్లబ్బు పుట్టింది. పేరు ‘త్రీ క్వార్టర్ సెంచరీ’ క్లబ్బు. అందులో రెండే జట్లు, కిడ్స్, కబ్స్. అంటే పిల్లలు, పిల్లకూనలు. తెల్లబట్టలు వేసుకుని, మెడకు బో కట్టుకుని ఆడేవాళ్లు. లోకం ఎలాగూ పిల్లలంటుందని తెలిసి ఆ పేరును వాళ్లే ముందు పెట్టేసుకున్నారు. అయితే స్కోరు మాత్రం నిజంగా రాసుకున్నారు. ఓడినవాళ్లు ఓడారు, గెలిచినవాళ్లు గెలిచారు.

ఆ సంవత్సరాన్ని కాస్త గమనించాలి. 1930 అంటే మహా మాంద్యం మొదలైన తొలినాళ్లు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది 1935లో. ఆ క్లబ్బు పుట్టేనాటికి ముసలితనంలో తీరిక అన్నది చలికాలాన్ని ఫ్లోరిడాలో గడపగలిగినవాళ్లకే. అది అందరి అనుభవం కావడానికి పింఛను కావాలి, వైద్యం కావాలి, ఆడే మైదానం ఊరి ఉమ్మడి ఆస్తి కావాలి. అవి వచ్చాక, 1980ల చివరలో, పెద్దల బేస్‌బాల్ ఉద్యమంలా వ్యాపించింది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో స్టీవ్ సిగ్లర్ అనే ఆయన మొదలుపెట్టిన మెన్స్ సీనియర్ బేస్‌బాల్ లీగ్ 1988 నుంచి దేశవ్యాప్త సంస్థ. ఏటా శరత్కాలంలో ఆరిజోనాలో తమ సొంత ‘వరల్డ్ సిరీస్’ జరుపుకుంటుంది, అదీ పెద్ద జట్లు వసంతంలో సాధన చేసుకునే మైదానాల్లోనే. ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో ఇలాంటి ఇంకో టోర్నమెంటు పెట్టినవాళ్లు దానికి రాయ్ హాబ్స్ పేరే పెట్టారు.

జపాన్‌వాళ్లు దీనికి పెట్టుకున్న పేరు మనకు దగ్గరిది. అక్కడ అరవై నిండినవాళ్ల బేస్‌బాల్‌ను ‘కన్‌రెకి’ బేస్‌బాల్ అంటారు. కన్‌రెకి అంటే అరవై ఏళ్ల కాలచక్రం ఒక సుత్తు తిరిగి మనిషి మళ్లీ పుట్టిన సంవత్సరంలోకి రావడం. ప్రభవ నుంచి అక్షయ దాకా లెక్కపెట్టుకునే మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు, అది షష్టిపూర్తి. మనం షష్టిపూర్తికి మళ్లీ పెళ్లి చేసి, పీటల మీద కూర్చోబెట్టి, కాళ్లకు మొక్కుతాం. వాళ్లలో కొందరు బ్యాటు తీసుకుని మైదానంలోకి పోతారు. అక్కడ డెబ్బై దాటినవాళ్లకు వేరే లీగులున్నాయి. వాళ్లు ఆడేది చాలామటుకు రబ్బరు బంతితో. తోలుబంతి ఖరీదనీ, దెబ్బ తగులుతుందనీ క్యోటోలో పిల్లల కోసం దాదాపు వందేళ్ల కింద తయారుచేసిన బంతి అది. పిల్లల కోసం చేసింది తాతలకు అక్కరకొచ్చింది.

ఇలాంటి లీగు నడపడమంటే ఏమిటి? బయటి నుంచి చూసేవాళ్లకు ఆట కనిపిస్తుంది, నడిపేవాళ్లకు రిజిస్టరు కనిపిస్తుంది. మొదటి తగవు వయసుతోనే. 35, 45, 55, 65 అని అంతస్తులు పెట్టుకుంటారు. ఏ తారీఖుకు నిండాలి, సర్టిఫికెట్టు ఎవరు చూస్తారు, ఒక జట్టుకు మనుషులు తక్కువైతే చిన్నవాడిని రానివ్వాలా? కొన్ని లీగులు ఒకరిద్దరిని రానిస్తాయి గానీ బంతి విసరనివ్వవు. ఎందుకంటే బేస్‌బాల్‌లో ఆటంతా విసిరేవాడి చేతిలో ఉంటుంది. రెండో తగవు సమానత్వం. ఒకప్పుడు కాలేజీ జట్లలో ఆడి వచ్చినవాడూ, నలభై దాటాక మొదటిసారి బ్యాటు పట్టినవాడూ ఒకే లీగులో ఉంటారు. బాగా ఆడేవాళ్లంతా ఒక జట్టులో చేరితే మిగిలినవాళ్లు రెండో ఏడాదికి రారు. మూడోది మైదానం. పురపాలక సంఘం ముందు పిల్లల జట్లకిస్తుంది, పెద్దలకు దొరికేది ఆదివారం పొద్దుగాల. ఆపైన అంపైరుకు డబ్బు, బీమా, బంతులు, వానపడితే మార్చిన తేదీ అందరికీ చెప్పడం.

వీటన్నిటికన్నా కష్టమైంది, నాకు ఆసక్తి కలిగించింది, నియమాలను ఎక్కడ వంచాలన్నది. మోకాలు బాగాలేనివాడు బంతిని కొట్టి బేసు చేరితే అతని బదులు ఇంకొకరు పరుగెత్తవచ్చు. మామూలు బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి పోయినవాడు తిరిగి రాలేడు, ఇక్కడ రావచ్చు. తొమ్మిదిమందే బ్యాటింగ్ చేయాలన్న పట్టింపు లేకుండా ఆ రోజు వచ్చినవాళ్లందరినీ వరసలో పెట్టుకోవచ్చు. ఎదురుగా ఉన్నవాణ్ణి గుద్దుకుంటూ దూసుకుపోతే మాత్రం అవుట్. పెద్దల సాఫ్ట్‌బాల్‌లో అయితే ఢీకొనకుండా మొదటి బేసు దగ్గర పరుగెత్తేవాడికొకటి, కాపలావాడికొకటి అని రెండు బేసులు పక్కపక్కన పెడతారు.

ఈ మార్పులన్నిటినీ వరసబెట్టి చూస్తే ఒక పద్ధతి తెలుస్తుంది. పరుగెత్తేవాణ్ణి మార్చుకోనిస్తారు గానీ మూడు స్ట్రయికులకు నాలుగోది కలపరు. గుద్దుకోవడాన్ని ఆపుతారు గానీ అవుటైనవాణ్ణి పాపమని ఉంచరు. శరీరానికి కావలసిన సాయం చేస్తారు, ఫలితాన్ని ముట్టుకోరు. అరటిపండుకు మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. వాడి ఒంటికి ఏ సాయమూ చేయం, ఫలితాన్ని మాత్రం లేనట్టు చేస్తాం. 1864లో పెద్దమనుషులు పిల్లచేష్టని తీసేసిన మన్నింపులు వందేళ్ల తర్వాత వాళ్ల మనవలకు కావలసి వచ్చాయి. కాకపోతే వీళ్లు వాటిని సిగ్గుపడకుండా రూల్ పుస్తకంలో రాసుకున్నారు.

మనవైపు ముసలి ఆటగాడంటే ఒక గొప్ప పేరుంది. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో 1895లో నాగపూర్‌లో పుట్టిన సి.కె. నాయుడు. 1926 డిసెంబరులో బొంబాయిలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొట్టినవాడు, 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు ముప్పై ఆరేళ్ల వయసులో కెప్టెన్. ఆ తర్వాత హోల్కర్ జట్టును రంజీ విజేతగా నిలిపాడు. 1953–54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు దాని కెప్టెన్ ఆయనే, అప్పటికి 58 ఏళ్లు. అరవై దాటాక ఉత్తరప్రదేశ్‌కు ఆడాడు. 1963లో 68వ ఏట ఆఖరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్.

ఈ కథ వింటే ఒళ్లు పులకరిస్తుంది గానీ మన ప్రశ్నకు ఇది జవాబు కాదు. నాయుడుకు అపురూపమైన దేహం ఉంది, దాని వెనక ఇందూరు హోల్కర్ మహారాజు దర్బారు ఉంది. ఆయన్ను పిలిపించి సైన్యంలో హోదా ఇచ్చింది ఆ దర్బారే. హైదరాబాద్‌లో 1930 నాటి నుంచి జరిగిన మొయినుద్దౌలా గోల్డ్‌కప్ పోటీల వెనకా ఒక పాయిగా నవాబు ఉన్నాడు. గద్వాల, వనపర్తి సంస్థానాలు కవుల విషయంలో చేసింది కూడా ఇదే. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరొచ్చింది అందుకే. ప్రభువుల పోషణ అసాధారణమైన ఒక్క మనిషిని ఎంచుకుని నిలబెడుతుంది. లీగు చేసేది వేరే పని. సాధారణమైన ఇరవైమంది చందా వేసుకుని, ఒకరినొకరు నిలబెట్టుకోవడం. పెద్దగా రానివాడు కూడా వచ్చే ఆదివారం ఆడవచ్చునన్న భరోసా నాయుడు కథలో లేదు, లీగులో ఉంది.

సంస్థానాలు పోయాయి. గద్వాల కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుమీద డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజుగారి ప్యాలెస్ పాలిటెక్నిక్ అయింది. 2016 అక్టోబర్‌లో పాత మహబూబ్‌నగర్ చీలి ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. నేలకు కొదవ లేదు. పొద్దున్నే ఏ కాలేజీ మైదానానికి వెళ్లినా రిటైరైన టీచర్లు, బ్యాంకువాళ్లు, షుగరు కోసం డాక్టరు నడవమన్నవాళ్లు గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తారు. వాళ్ల నడక మందులాంటిది, ఎవరి మోతాదు వాళ్లది. మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. బంతి దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికొస్తే పెద్దాయన వంగి తీసి విసురుతాడు. విసిరాక ఒక్క క్షణం ఆగి బంతి ఎంత దూరం పోయిందో చూస్తాడు. ఆ ఆగడాన్ని మీరూ చూసే ఉంటారు.

అయితే ఆ మైదానంలో ఎవరు లేరో కూడా చూడాలి. ఈ నేల దేశానికంతా ‘పాలమూరు లేబర్’గా తెలుసు. ఆనకట్టలకు, కాల్వలకు, బొంబాయి, పుణెల్లో మేడలకు మట్టి మోసిన జనం. ముసలితనం ఎప్పుడు మొదలవుతుందన్నదానికి మన దగ్గర చాలా జవాబులున్నాయి. 2007 నాటి చట్టం ప్రకారం వయోవృద్ధుడంటే 60 నిండినవాడు. తెలంగాణ ప్రభుత్వోద్యోగికి 2021లో పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెరిగింది. ఆసరా వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 57కు తగ్గించారు. గంప ఎత్తిన మనిషి నడుముకు మాత్రం ఈ అంకెలేవీ తెలియవు, అది నలభై అయిదుకే ముసలిదవుతుంది. లాంగ్ ఐలాండ్ ఉద్యోగి మోకాలు ఆటలో అరిగింది, మనవాడిది పనిలో అరిగింది. ఆటలో అరిగిన మోకాలికి బదులు పరుగెత్తేవాణ్ణి ఇవ్వడానికి ఒక రూలు రాసుకున్నారు. పనిలో అరిగినదానికి ఆ మాత్రం రూలు కూడా మనం రాసుకోలేదు.

డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో బేస్‌బాల్ స్టేడియాన్ని మార్చి 2023లో క్రికెట్ స్టేడియం చేశారు. మన పిల్లలు పెద్దయెత్తున స్థిరపడ్డ ఊళ్లు ఆ చుట్టుపక్కలే. ఆరు నెలలకని కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో పోయిన మన పెద్దలు సాయంత్రం పార్కులో నడుస్తూ, తమ ఈడువాళ్లు తొడుగు వేసుకుని బేస్‌బాల్ ఆడటం కళ్లారా చూసే వీలుంది. తిరిగొచ్చాక దాన్నొక వింతగా చెప్పుకుంటే చెప్పుకోవచ్చు. అక్కడ చూడవలసింది బేస్‌బాలే కానక్కర్లేదు. స్కోరు రాస్తున్న పెద్దాయన నోటుపుస్తకం, ఓడినందుకు నిజంగా చిన్నబోయిన ముఖం, ఇవి చూస్తే చాలు.

మనకు బేస్‌బాల్ కావాలని నేననను. చిర్రగోనె ఉంది, వాలీబాల్ ఉంది, ఏ గ్రౌండులోనైనా దొరికే టెన్నిస్ బంతి క్రికెట్ ఉంది. కావలసింది వయసు రాసుకునే ఒక రిజిస్టరు, నెలకింతని చందా, ఆదివారం ఏడింటికల్లా వచ్చి గీతలు గీసే ఒక మనిషి. మిగతాది మన ఆడవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. అవ్వ అడుగు నెమ్మదిగా పడితే చుట్టు నెమ్మదిస్తుంది, ఆట ఆగదు.